తప్పంతా నేలదే

వితొమిర్ ఫుట్‌బాల్ ఆడినన్నాళ్ళూ ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. చేసిందంతా నేల.

ఆడలేక మద్దెల ఓడు అన్నవాడికి పాపం ఒక్క మద్దెలే దొరికింది. వితొమిర్‌కి మైదానం మైదానమంతా దొరికింది. శీతకాలం వస్తే హాలు కూడా దొరికేది. బంతి గోలు మీదుగా ఎగిరి పక్క తోటలో చెట్ల మధ్య పడిందనుకోండి, ఇంకెవడైనా అయితే తల పట్టుకుంటాడు, ఆకాశం వంక చూసి దేవుణ్ణి అడుగుతాడు. వితొమిర్ అలాంటి చిల్లర వేషాలు వేసేవాడు కాదు. నిదానంగా గొంతుక్కూర్చునేవాడు. అరచేత్తో గడ్డి నిమిరేవాడు. ఒక పరక పీకి, వెలుగుకి పెట్టి చూసి, రిఫరీ ముందు పట్టేవాడు.

"చూశారా?"

"ఏం చూడాలి?"

"ఇది గడ్డేనంటారా? మీ మనస్సాక్షిని అడిగి చెప్పండి."

రిఫరీ మనస్సాక్షి ఈల ఊదేది. ఆట సాగేది. కానీ మైదానం అంచున కంచె పట్టుకుని నిలబడ్డ ఒబ్రాద్‌కి మాత్రం ఒళ్ళు భగ్గుమనేది. ఎందుకంటే సెర్బియాలో, మొరావా నది ఒడ్డున ఉన్న ఆ లిపొవిత్సా అనే ఊళ్ళో మైదానంలో గడ్డి కోసేదీ, సున్నంతో గీతలు గీసేదీ, చలికాలంలో ఆటల హాలు తుడిచేదీ అంతా ఒబ్రాదే. వితొమిర్ ఏనాడూ ఒబ్రాద్ పేరెత్తలేదు. ఎత్తాల్సిన పనేముంది? కూర బాగాలేదంటే వండినవాడి పేరు వేరే చెప్పాలా?

వితొమిర్ లిపొవిత్సాకి వచ్చేనాటికే ముప్ఫై అయిదు దాటాయి. అప్పటికి అతను ఆడిన జట్లు లెక్కపెట్టాలంటే చేతి వేళ్ళు, కాలి వేళ్ళు అయిపోయి పక్కవాడి వేళ్ళు అరువు తెచ్చుకోవాలి. చక్కెర ఫ్యాక్టరీ జట్టు, సిమెంటు ఫ్యాక్టరీ జట్టు, రైల్వే జట్టు, అగ్నిమాపక దళం జట్టు, ఆస్ట్రియాలో కసాయివాళ్ళ సంఘం జట్టు, గ్రీకు దీవిలో ఒకటి. వాటిలో సగం ఈపాటికి మూతపడ్డాయి. కాకతాళీయమే అనుకుందాం, మర్యాదగా ఉంటుంది. ఏ జట్టు గురించి అడిగినా అతనికి ఆటగాళ్ళెవరూ గుర్తుండరు, నేల గుర్తుంటుంది. చక్కెర ఫ్యాక్టరీ మైదానం ఏటివైపు వాలిపోయింది. ఆస్ట్రియా గడ్డి మరీ మెత్తన, పరుపు మీద ఆడినట్టు ఉంటుంది. గ్రీకు దీవిలో మైదానంలో సగం మేకలు తినేశాయి, మిగతా సగం మేకలు కూడా వద్దన్నాయి.

వసంతం నుంచి మంచు పడేదాకా ఆరుబయట ఆట. మంచు పడ్డాక హాల్లో అయిదుగురేసి జట్ల ఆట. ఇదీ ఆ ప్రాంతంలో ఆటగాడి సంవత్సరం. వితొమిర్ రెండు చోట్లా ఆడేవాడు, రెండు చోట్లా ఒకటే మాట. బయట గోలు తప్పితే, "నేను అసలు హాలు ఆటగాణ్ణి. గడ్డి నాకు పడదు" అనేవాడు. హాల్లో గోలు తప్పితే, "నేను గడ్డి మీద పెరిగినవాణ్ణి. ఈ చెక్క నేల మీద ఏం ఆడతాం?" అనేవాడు. గడ్డీ చెక్కా రెండూ లేని చోటు ఊళ్ళో ఒకటే ఉంది, కఫానా అనే మందు కొట్టు. రకియా గ్లాసు ముందు కూర్చుంటే మాత్రం అంతటి ఆటగాడు మళ్ళీ పుట్టడు.

ఒక ఆదివారం తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చాడు. ఆట మొదలవక ముందే మైదానం నడిమధ్య దాన్ని పెట్టి, ఊరంతా చూస్తుండగా ఒబ్రాద్‌ని పిలిచాడు.

"బాబాయ్, ఇలా రా. బుడగ ఎటు పోయిందో నువ్వే చూసి చెప్పు."

"నీ బుర్రలో బుడగ ఎటు పోయిందో నేనెప్పుడో చూశాన్రా," అన్నాడు ఒబ్రాద్. "ఇది మైదానం. నువ్వేమన్నా ఇల్లు కడుతున్నావా ఇక్కడ?"

"ఇల్లు కడితే కూలిపోతుంది, అదే చెప్తున్నా."

ఊరంతా పగలబడి నవ్వింది. ఆ రోజు వితొమిర్ రెండు గోల్స్ కొట్టాడు. ఆ రెండింటి గురించి నేలకి ఎలాంటి అభినందనలూ అందలేదు.

అయితే ఒబ్రాద్ కడుపులో నిజంగా మంట పెట్టింది పొట్టేలు. ఆ ఊళ్ళో వేసవి పోటీకి బహుమతి పొట్టేలు, శీతకాలం పోటీకి ఎద్దు. దానితో పాటు ఒక ఆచారం ఉంది. ఆఖరి ఆటలో ఓడిన జట్టువాళ్ళలో ఎవడి తప్పువల్ల ఓడారో వాడు ఆ జంతువు తాడు పట్టుకుని, ఊరి చౌకు మీదుగా నడిపించుకుంటూ వెళ్ళి, గెలిచినవాళ్ళ లారీ ఎక్కించి రావాలి. దారి పొడుగునా జనం అనాల్సినవన్నీ అంటారు. ఎవడి తప్పో ఊరే అక్కడికక్కడ తేలుస్తుంది. అప్పీలు లేదు.

ఆ వేసవి ఆఖరి ఆట పోయేలా గోల్‌కీపర్ జికా చివరి నిమిషంలో ఒక గోలు వదిలాడు. వదిలాడంటే, బంతి నెమ్మదిగా దొర్లుకుంటూ వచ్చింది, జికా వంగాడు, అది రెండు కాళ్ళ మధ్య నుంచి పోయింది. కోడిపెట్ట కూడా అంత తీరిగ్గా దడి దాటదు. జికా రొట్టెల కొట్లో పనిచేసేవాడు, కొత్తగా పెళ్ళయినవాడు. కొత్త పెళ్ళామూ అత్తగారూ కంచె దగ్గరే ఉన్నారు. ఊరు ఊరంతా లేచింది.

"ఒరేయ్ జికా, రొట్టెలూ అలాగే వదిలేస్తావురా కిందకి?"

"తాడు తెండి! తాడు తెండి వీడికి!"

అత్తగారు తల తిప్పుకుంది. జికా మొహం మైదాపిండిలా తెల్లబోయింది. అంతలో మైదానం అటు చివర్నుంచి వితొమిర్ చేతులూపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఆటలో ఎన్నడూ అంత జోరుగా పరుగెత్తినట్టు ఎవరికీ గుర్తులేదు.

"ఆగండి! ఎవరూ కదలొద్దు! గొయ్యి! ఇక్కడ గొయ్యి ఉంది!"

జనం కంచె దూకి వచ్చి చూశారు. నిజమే, గోలు ముందు గొయ్యి ఉంది. కోడిగుడ్డు పట్టేంత. అది వితొమిర్ మడమ చేసిన గొయ్యేనని ఒబ్రాద్ తన తల్లి మీద ఒట్టు వేశాడు. కానీ ఊరికి అప్పటికే కొత్త సరదా దొరికింది.

"ఒబ్రాదూ, ఎలకల్ని పెంచుతున్నావేంటి?"

"దీన్ని చూసే జీతం పుచ్చుకుంటున్నావా?"

తప్పు నేలదని తేలింది. నేలకి చేతుల్లేవు కాబట్టి పొట్టేలు తాడు ఒబ్రాద్ చేతికిచ్చారు. చౌకు దాటేలోపు అది అతన్ని వెనక నుంచి రెండుసార్లు పొడిచింది. కఫానా ముందు కూర్చున్నవాళ్ళు రెండుసార్లూ చప్పట్లు కొట్టారు.

"వాడు గడ్డిని తిడితే నీకెందుకయ్యా?" అంది అతని భార్య దెసాంక, ఆ సాయంత్రం నడుముకి మందు రాస్తూ. "నువ్వేమన్నా గడ్డివా?"

"పాతికేళ్ళు కోశానే దాన్ని. నేను కాకపోతే ఎవరు గడ్డి?"

దెసాంక మందు సీసా మూత పెట్టింది.

ఆ శరత్కాలంలో హాల్లో కొత్త చెక్క నేల వేశారు. ఊరి ప్రెసిడెంటు బ్లగోయె గారికి అది కన్నబిడ్డ కంటే ఎక్కువ. చెక్క స్లొవేనియా నుంచి తెప్పించానని ఆయన పెళ్ళిళ్ళలో చెప్పేవారు, చావుల్లో కూడా చెప్పేవారు. క్రిస్మస్ దాటాక, శీతకాలం పోటీ మొదలవుతుందనగా, ఒబ్రాద్‌ని పిలిపించారు.

"జిల్లా నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు ఒబ్రాద్. వాళ్ళ ముందు ఆ వితొమిర్ గాడు ఈ నేలలో తప్పు పట్టి, అది నిజమని తేలిందో, మా బావమరిది చీపురు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. తర్వాత నన్ను అనొద్దు."

"ఈ నేలలో తప్పేముంటుందండీ?"

"నేలలో ఉండదు. ఉంటే నీలో ఉండాలి."

ప్రెసిడెంటు గారి బావమరిదికి అంతవరకు చీపురుతో పరిచయం లేదు. కానీ ఆ ఉద్యోగంతో పాటు వచ్చే ఇంటితో మంచి పరిచయమే ఉంది. హాలు వెనక, బాయిలర్ గది పక్కన రెండు గదులు. ఒబ్రాద్, దెసాంక కాపురమంతా అక్కడే గడిచింది. బావమరిది అంతకు ముందు వారమే వచ్చి, దెసాంక ఇచ్చిన కాఫీ తాగుతూ, కిటికీకి ఏ రంగు వేస్తే బాగుంటుందో ఆవిణ్ణే అడిగి వెళ్ళాడు.

పోటీ మొదలైంది. మొదటి ఆటలోనే వితొమిర్ గొంతుక్కూర్చున్నాడు. చెక్క మీద అరచెయ్యి రాశాడు. వాసన చూశాడు.

"పట్టేస్తోంది," అన్నాడు అందరూ వినేలా. "మడమ తిరగనివ్వట్లేదు. ఇది నేలా, జిగురు డబ్బానా?"

రెండో ఆటలో, "మందంగా ఉంది. మెరుపు లేదు. మెరుపు లేని చెక్క చచ్చిన చెక్క" అన్నాడు. ప్రెసిడెంటు గారు మెట్ల మీద నుంచి ఒబ్రాద్ వంక చూశారు. ఆ చూపులో బావమరిది మొత్తం కనిపించాడు.

"మెరుపు కావాలా? ఇస్తా," అనుకున్నాడు ఒబ్రాద్. ఆఖరి ఆట ఆదివారం మధ్యాహ్నం. పొద్దున్నే దెసాంక బీరువాలకి రాసుకునే మైనం డబ్బా ఎత్తుకొచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో రుద్దాడు. వితొమిర్ ఎక్కువగా తిరిగేది అవతలి గోలు ముందు కనుక అక్కడ మరో రెండు పూతలు పూశాడు.

దెసాంక గుమ్మంలోంచి చూసింది. "ఏమయ్యా, అందులో నీ మొహం కనిపిస్తోంది."

"కనిపించాలి. వాడి మొహం కూడా కనిపించాలి."

"జారుతుందేమో చూడు."

"చెక్క జారడమేంటే, పిచ్చిదానా," అని లేచి ఒబ్రాద్ బకెట్టు ఎత్తాడు. మరుక్షణం అతనొక చోట, బకెట్టొక చోట. లేచి కూర్చుని, కాళ్ళకున్న చెప్పులు తీసి తిరగేసి చూశాడు.

"దిక్కుమాలిన చెప్పులు," అన్నాడు. "అడుగంతా అరిగిపోయింది."

ఆఖరి ఆట నది అవతలి ఊరితో. హాలు కిక్కిరిసింది. బయట ఎద్దు తలుపు పక్కన పూలతొట్టిలో మిగిలిన కొమ్మలు నములుతోంది. జిల్లా పెద్దలు ముందు వరసలో, వాళ్ళ పక్కన బ్లగోయె గారు. ఒబ్రాద్ తుడుపు కర్ర పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. చెరో మూడు గోల్స్. ఇంక గంట మోగడానికి నిమిషం కూడా లేదు. బంతి వితొమిర్ కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఎదుట గోల్‌కీపర్ కూడా లేడు, అంతకుముందే బంతి కోసం దూకి పక్కన పడి ఉన్నాడు. ఉత్త గోలు. కళ్ళు మూసుకుని తన్నినా పోతుంది. ఊరు లేచి నిలబడింది.

వితొమిర్ ఎడమ కాలు ఆనించాడు. ఆ కాలు ఆనలేదు. ముందుకి పోయి, ఇంకా ముందుకి పోయి, అతన్ని వెల్లకిలా పడేసింది. కుడికాలు గాలిని తన్నింది. బంతి అక్కడే బుద్ధిగా కూర్చుంది. అవతలివాళ్ళు దాన్ని తీసుకుపోయి జికా వల్లో వేసి వచ్చారు. గంట మోగింది.

హాల్లో అన్ని తలలూ ఒక్కసారి వితొమిర్ వైపు తిరిగాయి. ఏం వినబోతారో అందరికీ తెలుసు.

వితొమిర్ లేచి కూర్చున్నాడు. అలవాటు ప్రకారం అరచేత్తో నేల నిమిరాడు. వాసన చూశాడు. అతని మొహంలో ఒక వెలుగు వచ్చింది. జీవితమంతా నిధి ఉందని చెప్పుకుని తిరిగినవాడికి నిజంగా లంకెబిందె తగిలితే ఎలా ఉంటుందో అలా ఉంది. అరచెయ్యి మైనంతో మెరుస్తోంది. ఒబ్రాద్ అది చూశాడు. అతని కళ్ళ ముందు రెండు గదులూ తిరిగాయి.

"చెప్పవయ్యా వితొమిర్!" అన్నారు బ్లగోయె గారు ముందు వరస నుంచి. "నేలేమన్నా జారిందా? పెద్దవాళ్ళున్నారు, భయపడకుండా చెప్పు!"

వితొమిర్ తల తిప్పి తలుపు వైపు చూశాడు. అక్కడ ఒబ్రాద్ ఉన్నాడు. ఒబ్రాద్ వెనక, రెండు గదులకి పోయే దారిలో, తలగుడ్డ కొసతో నోరు మూసుకుని దెసాంక ఉంది. వితొమిర్ అరచెయ్యి నిక్కరుకి తుడుచుకున్నాడు. రెండోసారి కూడా తుడుచుకున్నాడు.

"నేలా?" అన్నాడు. "నేల బంగారం. నేనే వెధవలా తన్నాను. తప్పు నాది."

అవతలి ఊరివాళ్ళు కూడా సంబరం ఆపేశారు.

"తలకి దెబ్బ తగిలినట్టుంది," అన్నారెవరో వెనక నుంచి. "డాక్టర్ని పిలవండి."

డాక్టరు నిజంగానే వచ్చాడు. వితొమిర్ కళ్ళలోకి టార్చి వేసి చూశాడు. ఇది ఏ నెల అని అడిగాడు. నెల సరిగ్గా చెప్పాక, "ఇంకోసారి అడుగుతున్నా, తప్పెవరిది?" అన్నాడు.

"నాదేనండీ."

"విశ్రాంతి తీసుకో," అన్నాడు డాక్టరు దిగులుగా.

జిల్లా పెద్దలు నేల చూసి భలేగా ఉందన్నారు. బ్లగోయె గారు స్లొవేనియా గురించి మొదలుపెట్టారు. ఊరు మాత్రం ఇన్నేళ్ళ ఆకలి తీర్చుకుంది. తాడు తెచ్చి వితొమిర్ చేతిలో పెట్టింది.

చౌకులో మంచు మోకాలి దాకా ఉంది. ఎద్దు నాలుగడుగులు వేసి ఆగేది. దారికి అటూ ఇటూ జనం.

"ఏం వితొమిర్, ఎద్దుకి దారి వాలుగా ఉందా?"

"రసమట్టం తెమ్మంటావా?"

వితొమిర్ అన్నిటికీ తలూపుతూ పోయాడు. చౌకు దాటి జనం పలచబడ్డాక, వెనక నుంచి ఒగరుస్తూ ఒబ్రాద్ వచ్చి కలిశాడు. ఎద్దుకి రెండో పక్కన నడవసాగాడు.

"జారింది కదూ?" అన్నాడు ఒబ్రాద్.

"జారిందా అని నెమ్మదిగా అడుగుతావేంటి బాబాయ్! ఏం పూశావు దానికి? ఇరవయ్యేళ్ళ నుంచి ఆడుతున్నాను. నిజంగా నేల తప్పయింది ఇవాళొక్క రోజే. చెప్పుకుందామంటే యోగం లేకపోయింది!"

"మరి చెప్పలేదేం? రోజూ చెప్పేవాడివే."

వితొమిర్ తాడు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "గడ్డిని తిడితే ఏడుస్తుందా? దానికేమన్నా అత్తగారుందా? జికాకి ఉంది. ఎవడో ఒకణ్ణి తిట్టందే ఊరు ఇంటికి పోదు బాబాయ్, నేను తిరిగిన ఊళ్ళన్నీ ఇంతే. అందుకని నేలని చూపిస్తా. ఇవాళ్టి నేలకి వెనకాల రెండు గదులున్నాయి, వాటికి ఏ రంగు వేస్తాడో ప్రెసిడెంటు గారి బావమరిది నిన్న రాత్రే కఫానాలో చెప్పాడు. ఇంక దాన్నేం అంటాను?"

ఒబ్రాద్‌కి జికా గుర్తొచ్చాడు. అంతకు ముందు కార్నర్ తన్నబోయి జెండా కర్రని తన్నిన కుర్రాడు గుర్తొచ్చాడు, వాడి కోసం ఆ రోజు వితొమిర్ నోట సున్నం గీత వంకర అయింది. ఒక్కొక్కటే గుర్తొస్తుంటే అతనికి ఈ పెద్దమనిషి మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది. దానితో పాటు పొట్టేలు కూడా గుర్తొచ్చింది.

"మరి నన్ను పొట్టేలు పొడిచినప్పుడో?"

"తాడు నీ చేతిలో పెడతారని నేననుకోలేదు బాబాయ్. నిజంగా." ఎద్దు ఆగి, వితొమిర్ బూటు మీద కాలు వేసి, అక్కడే స్థిరపడింది. "అమ్మా! సరే, పొట్టేలుకీ ఎద్దుకీ చెల్లు. దీన్ని కొంచెం వెనక్కి లాగు."

ఇద్దరూ కలిసి దాన్ని లారీ ఎక్కించారు. దెసాంక బీన్స్ పులుసు వేడి చేసి ఉంచింది. తిన్నంతసేపూ వితొమిర్ కిటికీకి ఆ పాత రంగే బాగుందని చెప్పాడు.

వసంతం వచ్చింది. ఆరుబయట మొదటి ఆట. వితొమిర్ బంతిని గోలు మీదుగా తన్నాడు, అలవాటుగా గొంతుక్కూర్చున్నాడు, చెయ్యి గడ్డి దాకా పోయింది. అంతలో కంచె దగ్గర ఒబ్రాద్ కనిపించాడు. వితొమిర్ లేచి, నిక్కరు దులుపుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారమూ అంతే. ఊరికి తోచలేదు. జనం నేలని వదిలేసి ఒకర్నొకరు తిట్టుకోవడం మొదలుపెట్టారు. జికా అత్తగారు మళ్ళీ కంచె దగ్గరికి వచ్చి నిలబడుతోంది.

మూడో ఆదివారం పొద్దున దెసాంక మైదానం వైపు చూసేసరికి ఒబ్రాద్ గడ్డి కోస్తున్నాడు. గోలు ముందు ఒక్క చోట మాత్రం మిషను చుట్టూ తిప్పి, ఒక గుబురు అలాగే వదిలేశాడు. తర్వాత అటూ ఇటూ చూసి, మడమతో దాని పక్కన చిన్న గొయ్యి కూడా తవ్వాడు.

"ఏమయ్యా, ఏంటది?"

"పని," అన్నాడు ఒబ్రాద్.

ఆ మధ్యాహ్నం బంతి మళ్ళీ జికా కాళ్ళ మధ్య నుంచి పోయింది. ఊరు లేచింది. అత్తగారు తల తిప్పుకోబోయింది. వితొమిర్ మైదానం ఆ చివర్నుంచి పరుగెత్తుకొచ్చి, గోలు ముందు ఆగి, ఆ గుబురునీ గొయ్యినీ చూసి నోరు తెరిచాడు. కంచె వైపు చూశాడు. ఒబ్రాద్ టోపీ తీసి, చాలా శ్రద్ధగా అందులోని దుమ్ము దులుపుతున్నాడు.

"ఇది మైదానమా, మేకల దొడ్డా!" అని వితొమిర్ కేక నది అవతలికి వినపడింది. "ఈ ఊళ్ళో గడ్డి కోసేవాడే లేడా?"

జనం హాయిగా ఊపిరి పీల్చుకుని కంచె దూకారు. ఒబ్రాద్ టోపీ నెత్తిన పెట్టుకుని, అందరికంటే ముందు కంచె ఎక్కి, గొంతు చించుకుని అరిచాడు.

"పోరా! హాలు ఆటగాడివి, గడ్డి సంగతి నీకేం తెలుసురా!"